తొమ్మిది ఖాళీ గళ్లు

సార్ పోయారని మంగళవారం పొద్దున ఫోన్ వచ్చింది. ఫోన్ చేసింది ఆయన భార్య. నేనప్పుడు మా పాపకు జడ వేస్తున్నాను. "సార్ పోయిండు బిడ్డా" అని ఒక్క మాట అని, ఇంకేమీ చెప్పలేక ఫోన్ పక్కవాళ్లకిచ్చింది. సగం వేసిన జడతోనే పాపను పక్కింట్లో వదిలి, జనగామ స్టేషన్‌లో దొరికిన రైలెక్కి మహబూబాబాద్‌లో దిగాను.

వాకిట్లో పడుకోబెట్టారు. కళ్లద్దాలు తీసేశారు గానీ ముక్కు మీద వాటి గుంటలు అలాగే ఉన్నాయి. అమ్మ (ఆయన భార్యను నేను అమ్మా అనే పిలుస్తాను) నా చేయి గట్టిగా పట్టుకుంది. "రక్తంల జబ్బు అన్నరు డాక్టర్లు. గా పని చేసినందుకే వచ్చెనా బిడ్డా?" అని అడిగింది. చుట్టూ ఉన్న చుట్టాలంతా నా వైపు తిరిగారు. ఆ పని గురించి కొంచెమైనా తెలిసినదాన్ని అక్కడ నేనొక్కదాన్నే.

చెప్పలేమమ్మా అన్నాను. అది నా మాట కాదు, ఆయన దగ్గర నేర్చుకున్నదే. ఒకప్పుడు ఆయన నాతో ఆ మాట అన్నప్పుడు, ఈయనకు గుండె ఉందా అనుకున్నాను. ఆ రోజు వాకిట్లో నా ముఖం చూసి అమ్మ కూడా అదే అనుకొని ఉంటుంది.

సార్ అంటున్నాను గానీ ఆయన నాకు బడిలో పాఠం చెప్పినవారు కాదు. సొంతూరు కేసముద్రం పక్కన. ఉద్యోగమంతా ఎక్కడో దూరాన ఒక పరిశోధనశాలలో. మంచి శక్తి ఉన్న కాంతి కణాలను, అంటే ఫోటాన్లను, ఒక లోహం ముక్క మీద పడేయడం. ఆ లోహం పరమాణువుల మధ్యలో ఉండే కేంద్రకాలు ఆ దెబ్బకు ఎన్ని న్యూట్రాన్లను బయటికి విడుస్తున్నాయో లెక్కపెట్టడం. ముప్పై ఏళ్లకు పైగా ఇదే పని. రిటైరై మహబూబాబాద్‌లో ఇల్లు కట్టుకున్నాక, ఈ విద్యతో ఇక్కడ ఎవరికి పని అని తన మీద తనే నవ్వుకునేవారట. పని పడింది నాకే.

ఏడేళ్ల కిందటి మాట. జనగామ దాటాక రోడ్డు పక్కన ఒక కేన్సర్ దవాఖాన ఉండేది. ఇప్పుడది చేతులు మారిపోయింది, పేరెందుకు. అందులో నేను టెక్నీషియన్‌ను. గూడూరు దగ్గరి తండా నుంచి ఆ చదువు చదివిన మొదటిదాన్ని నేనే కాబట్టి, తెల్లకోటు వేసుకొని కాస్త గర్వంగానే తిరిగేదాన్ని. రోగిని లోపల బల్ల మీద పడుకోబెట్టి, తలుపు మూసి, గోడ ఇవతల కుర్చీలో కూర్చొని, గడ్డ మీద ఫోటాన్ల రేడియేషన్ పడేసే యంత్రం నడపడం నా పని.

ఆ గదిని మొదట చిన్న యంత్రం కోసం కట్టారు. తర్వాత దానికి రెండింతలకు మించిన శక్తి ఉన్న పెద్ద యంత్రం తెచ్చి అదే గదిలో పెట్టారు. దానికి గోడ మందం చాలదు. మందం పెంచుదామంటే స్థలం లేదు. అందుకని సీసం పలకలు తెప్పించారు. ఆ పలకలను గోడకు లోపలి వైపు బిగించాలా, బయట నా కుర్చీ వైపు బిగించాలా అని మాట వచ్చినప్పుడు, నా వైపే పెట్టమని బతిమాలింది నేనే.

అప్పుడు నాకు రెండో నెల. అంతకు ముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. ఆ విషయం దవాఖానలో ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆ కుర్చీలోంచి తీసేస్తారు, తీసేస్తే మళ్లీ పిలుస్తారని నమ్మకం లేదు. సీసం నా వీపుకు దగ్గరగా ఉంటే ధైర్యం అనుకున్నాను. పలకలు బిగించాక మామూలు మీటరు పెట్టి చూస్తే ముల్లు బాగా కిందికి దిగింది. అందరం సంబరపడ్డాం. ఇంకా రోగులను పెట్టలేదు. యంత్రం బిగించిన ఇంజినీర్లు చెప్పినట్టు తొమ్మిది రోజులు దాన్ని ఉత్తిగానే నడిపి పరీక్షించాం. ఆ తొమ్మిది రోజులూ నేను ఆ సీసం ముందు కూర్చున్నాను, వీపు ఆనించి మరీ.

పదో రోజున సార్ వచ్చారు. అనుమతి కాగితాలకు న్యూట్రాన్ల కొలత కూడా కావాలన్నారని, దగ్గరలో దొరికారని పిలిపించారు. చేతిలో పుచ్చకాయంత తెల్లటి ప్లాస్టిక్ బంతి, దానికి ఒక చిన్న పెట్టె. టీ తెమ్మంటారా సార్ అంటే ముందు కొలత, తర్వాత టీ అన్నారు. యంత్రం ఆపేయించి, ఆ బంతిని నా కుర్చీ దగ్గర పెట్టి ఊరికే కూర్చున్నారు. ఏం కొలుస్తున్నారు సార్, యంత్రం బందే ఉంది గదా అన్నాను. ఏమీ లేనప్పుడు ఎంతుందో తెలియకుండా, ఉన్నప్పుడు ఎంతుందో ఎలా చెబుతావని అడిగారు. చాలాసేపటికి పెట్టె ఒకసారి టిక్‌మంది. ఇంకా సేపటికి మరొకటి.

తర్వాత యంత్రాన్ని నా గోడ వైపు తిప్పి నడపమన్నారు. నన్ను మాత్రం అక్కడ ఉండనివ్వలేదు. పెట్టెకు పొడుగాటి వైరు తగిలించి, వరండా చివర నిలబడి విన్నాం. నూనెలో ఆవాలు పడ్డట్టు చిటపటలు. ఆయన యంత్రాన్ని ఆపించి, వెళ్లి సీసం మీద అరచేయి పెట్టి కాసేపు నిలబడ్డారు. "గీ కుర్చీల ఎవరు కూసుంటరు?" అని అడిగారు.

నేనే సార్ అన్నాను. అప్పుడాయన నన్ను చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు. పై నుంచి కింది దాకా చూసి, నా చేయి ఎక్కడుందో చూశారు. నాకు తెలియకుండానే అది కడుపు మీద ఉంది.

టీ కొట్టు దగ్గర బెంచీ మీద కూర్చోబెట్టి చెప్పారు. కేసముద్రం మార్కెట్‌లో మక్కల బస్తాను తంతే ఏమవుతుందన్నారు. మెల్లగా తంతే ఏమీ కాదు. కాస్త గట్టిగా తంతే కుట్టు సందులోంచి ఒక గింజ జారుతుంది. ఇంకా గట్టిగా తంతే రెండు. ఫోటాన్ తన్నినప్పుడు కేంద్రకం కూడా అంతే. ఒక్కో బస్తా కుట్టు ఒక్కో గట్టిదనం. సీసం పెద్ద బస్తా, కుట్టు వదులు. తొందరగా గింజ విడుస్తుంది. ఇనుము దానికన్నా మొండి. బొగ్గు మహా మొండి, ఈ యంత్రం దెబ్బకు అది ఒక్క గింజా ఇవ్వదు. "మా నాయిన భూపాలపల్లి బొగ్గు బాయిల చేసిండు. ఆయన బొగ్గు నిన్నేం అనది బిడ్డా. నువ్వు దగ్గరికి తీసుకున్న సీసమే అంటది" అన్నారు.

చిన్న యంత్రం తన్నుకు సీసం ఏమీ విడవదు. అప్పుడది కాపాడే లోహమే. మేమంతా నేర్చుకున్నది అదే. పెద్ద యంత్రం వచ్చాక అదే సీసం, గోడ దాటి వచ్చిన ఫోటాన్లను ఆపుతూనే, న్యూట్రాన్లను నా వీపు మీదికి విడిచింది. మా మీటరుకు న్యూట్రాన్లు కనబడవు. అది తగ్గిందంటే అన్నీ తగ్గాయని నమ్మాం. సీసాన్ని గోడ లోపలి వైపు పెట్టి ఉంటే, అందులోంచి వచ్చే న్యూట్రాన్లను గోడే చాలావరకు మింగేసేది. అటు పెడదామని ఇంజినీర్లు అంటుంటే ఇటు పెట్టించుకున్నదాన్ని నేను.

ఆయన దగ్గర ఒక పాత నోటుబుక్కు ఉండేది. శక్తి పెంచుతూ పోతే ఒక్కో లోహం ఎన్ని న్యూట్రాన్లు విడుస్తుందో చుక్కలు పెట్టి గీసిన బొమ్మలు. ఒక చోట మొదలై, గుట్టలా లేచి, మళ్లీ దిగుతాయి. జీవితమంతా గుట్టలు గీస్తూ గడిపిన మనిషి. ప్రతి చుక్కకూ పైకీ కిందికీ చిన్న గీత ఉంటుంది, కొలత ఎంత అటూ ఇటూ కావచ్చో చెప్పేది. దాన్ని ఆయన మీసం అనేవారు. "మీసం లేని చుక్కను నమ్మకు. కొలిచినోడు అబద్ధమన్న ఆడుతున్నడు, భయమన్న పడుతున్నడు" అనేవారు.

మర్నాడు ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్ ఒకటి తెప్పించి నా కుర్చీలో పెట్టించారు. మనిషిలో ఎక్కువ భాగం నీళ్లే, న్యూట్రాన్లకు నీకూ దీనికీ పెద్ద తేడా లేదన్నారు. క్యాన్ ముందూ వెనకా వేలంత గాజు గొట్టాలు కట్టి, యంత్రాన్ని గోడ వైపు తిప్పి నడిపించారు. ఆ గొట్టాల లోపల తేటగా, జిగురుగా ఏదో ఉంటుంది. న్యూట్రాన్ తగిలిన చోట ఒక్కోసారి చిన్న బుడగ లేస్తుంది. వార్డుబాయ్‌లు ఆ క్యాన్‌కు నా పేరు పెట్టి, మేడం ఇవాళ బాగా మౌనంగా ఉన్నారని నవ్వారు. నేనూ నవ్వాను. సాయంత్రం సార్ గొట్టాలు విప్పి, భూతద్దం నా చేతికిచ్చి, నువ్వే లెక్కపెట్టన్నారు.

ముందు గొట్టంలో కొన్ని బుడగలున్నాయి. వెనక, సీసం వైపు గొట్టంలో చాలా ఉన్నాయి. ఒక్కోటి ఆవగింజంత కూడా లేదు, చక్కగా మెరుస్తున్నాయి. లెక్కపెడుతూ మధ్యలో అంకె మరిచిపోయాను. మళ్లీ మొదటి నుంచి పెట్టమన్నారు. మళ్లీ పెట్టాను. ఆ రోజు ఆయన మీద నాకు చెప్పలేనంత కోపం వచ్చింది.

అప్పుడు చెప్పాను, నాకు రెండో నెల అని. ఆయన ముందే కనిపెట్టారు కాబట్టి ఆశ్చర్యపోలేదు. నా బిడ్డకు ఏమన్నా అవుతుందా సార్ అని అడిగాను. చెప్పలేం అన్నారు. ఆ కుర్చీలో ఎంత పడిందో చెప్పగలను, పడింది ఏం చేస్తుందో నా దగ్గరున్న ఏ పెట్టె కూడా చెప్పదు అన్నారు. కనీసం, ఏం కాదులే అని నోటి మాటగానైనా అనలేదు. ఒకటి మాత్రం ఉంది, కడుపుతో ఉన్నవాళ్లకు ఇంత దాటకూడదని ఒక హద్దు ఉంటుంది, దానికి లోపల ఉన్నావా బయట ఉన్నావా లెక్క వేద్దాం అన్నారు. నాకు ఆ హద్దే సర్వం అయిపోయింది. దాటితే మా అత్త ఊరుకోదు, నా భర్తా ఊరుకోడు, రేపటికే దవాఖానకు తీసుకుపోయి తీయించేస్తారు. మూడోసారి నేను తట్టుకోలేను.

లెక్క వేయాలంటే తొమ్మిది రోజుల యంత్రం పుస్తకం కావాలి. తెచ్చిచ్చాను. ఏ రోజు ఎంతసేపు నడిపామో రాసి ఉంది. కానీ యంత్రం ఎటు తిరిగి ఉందో రాసే గడి తొమ్మిది రోజులూ ఖాళీ. చిన్న యంత్రం ఉన్నప్పుడు ఆ గడితో పని పడలేదు, ఎవరూ రాసేవాళ్లం కాదు. అదే అలవాటు. యంత్రం నేలకు తిరిగి ఉంటే నా మీద పడింది తక్కువ. నా గోడకు తిరిగి ఉంటే, ఇక చెప్పనక్కర్లేదు.

ఆయన ఆ ఖాళీ గళ్లను చాలాసేపు చూశారు. భూపాలపల్లి బాయి దగ్గర ఒక బోర్డు ఉండేదట. దిగేవాడు కొక్కేనికున్న తన నంబరు బిళ్ల తీసుకొని దిగుతాడు, పైకి వచ్చాక మళ్లీ తగిలిస్తాడు. షిఫ్టు అయిపోయాక కొక్కెం ఖాళీగా ఉంటే అది ఖాళీ కాదు, లోపల ఒక మనిషి ఉన్నట్టు. ఒక సాయంత్రం ఒక్క కొక్కెం ఖాళీగా ఉంటే కాలనీకి కాలనీ ఆ బోర్డు ముందు నిలబడిందని చెప్పారు. ఎవరిదో, తర్వాత ఏమైందో చెప్పలేదు. పుస్తకం నా వైపు తిప్పి, "యాది చేసుకో బిడ్డా. యంత్రం ఎటుండె?" అన్నారు.

నేలకే సార్, తొమ్మిది రోజులూ నేలకే అన్నాను.

ఇది చదివేవాళ్లకు ఇప్పుడు చెబుతున్నాను, అది అబద్ధం. నాలుగు రోజులు నా గోడకే తిరిగి ఉంది. తిప్పింది నేను, బటన్ నొక్కింది నేను. యాది చేసుకోవలసిన పనే లేదు. నా భర్త దీన్ని చదివితే చదవనీ.

ఆయన ఇంకేమీ అడగలేదు. పరీక్షలు చేసిన ఇంజినీర్ల ఫోన్ నంబరు ఆయన జేబులోనే ఉంది, చేయలేదు. గోడ గురించిన రిపోర్టు ఉన్నది ఉన్నట్టు రాసి ఇచ్చారు. పలకలు పీకించి లోపలికి మార్పించారు, బయట న్యూట్రాన్లను ఆపే ప్లాస్టిక్ దిమ్మెలు పెట్టించారు, అది పూర్తయ్యే దాకా యంత్రాన్ని ముట్టనివ్వలేదు. నన్ను రిజిస్ట్రేషన్ కౌంటర్‌కు మార్చమని పెద్ద డాక్టరుతో వాదించి మరీ మార్పించారు, జీతం తగ్గకుండా. నా లెక్క మాత్రం ఒక చీటీ మీద వేసిచ్చారు. హద్దుకు లోపలే ఉంది. ఒకే ఒక అంకె. దానికి మీసం లేదు. నేను చూశాను. చూసి కూడా చీటీ మడిచి జాకెట్‌లో పెట్టుకున్నాను.

ఆ చీటీ చూపించాకే ఇంట్లో ఒప్పుకున్నారు. పాప పుట్టింది. వేళ్లు లెక్కపెట్టాను, కళ్లు చూశాను, అందరిలాగే ఏడ్చింది. సార్ చూడటానికి రాలేదు గానీ ఫోన్ చేశారు. అప్పటి నుంచి నెల తప్పకుండా చేసేవారు. నేను బాగున్నానా అని ఎన్నడూ అడగలేదు. "పిల్లకు జ్వరం గిట్ల వచ్చిందా? మంచిగ తింటున్నదా?" అంతే. ఏడాదికొకసారి రక్తపరీక్ష చేయించమని గుర్తుచేసి, కాగితంలోని అంకెలన్నీ చదివించుకునేవారు. అవతల పెన్ను గీసిన చప్పుడు వినిపించేది. పిల్ల మీద ప్రేమ అనుకునేదాన్ని. ప్రేమే. కాకపోతే ప్రతి ఫోన్ తర్వాత రెండు రోజులు నాకు అన్నం సయించేది కాదు. పాప ఒంటి మీద చిన్న మచ్చ కనబడినా, ముక్కులోంచి ఒక్క చుక్క రక్తం వచ్చినా, ఎవరికీ చెప్పకుండా గోడకానుకొని కూర్చునేదాన్ని. ఎండదెబ్బ అనేవాడు నా భర్త. అవును, ఎండే అనేదాన్ని.

ఆయన పోవడానికి రెండు వారాల ముందు చూడటానికి వెళ్లాను. బాగా చిక్కిపోయారు. మంచం పక్కన నోటుబుక్కు లేదు, మందులున్నాయి. అమ్మ చాయ్ పెట్టడానికి లోపలికి పోయాక నన్ను దగ్గరికి రమ్మన్నారు. గొంతు బాగా తగ్గిపోయింది, వంగి వినవలసి వచ్చింది.

"గోడ చాలుతదా లేదా చూసేతందుకే గద యంత్రం నడిపింది. గోడ దిక్కు తిప్పకుంట, తొమ్మిది రోజులు నేలకే పెట్టే పిచ్చోడు ఎవడుంటడు బిడ్డా?" అన్నారు.

అమ్మ వింటుందేమోనని లోపలి వైపు చూశాను.

"నువ్వు జెప్పింది నేను నమ్మలె. నమ్మినట్టు రాసిన. మంచి జేసిన్నా, చెడు జేసిన్నా, ఇప్పటికీ నాకు తెలుస్తలేదు." కాసేపు ఊపిరి పీల్చుకున్నారు. "ఇప్పుడన్న నిజం జెప్పు. ఎన్ని రోజులు?"

నాలుగు సార్ అన్నాను. ఏడేళ్లలో మొదటిసారి ఆ మాట నా నోట్లోంచి బయటికొచ్చింది.

ఆయన కళ్లు మూసుకున్నారు. పెదవులు కదులుతున్నాయి. దేవుణ్ని తలుచుకుంటున్నారేమో అనుకున్నాను, కాదు. దుప్పటి మీద బొటనవేలు ఒక్కో కణుపు మీదికి జరుగుతోంది. లెక్క వేస్తున్నారు. నాలుగు రోజులు, రోజుకింతసేపు, ఆ గొట్టంలో అన్ని బుడగలు. అన్నీ ఆయనకు జ్ఞాపకం ఉన్నాయి. పెదవులు ఆగాయి. లెక్క తేలింది. నాకు తెలిసింది, తేలిందని. కళ్లు తెరిచి నన్ను చూశారు, చాలాసేపు. నేను అడుగుతానని ఎదురుచూశారు.

నేను అడగలేదు.

"రైలుకు టైమైతున్నది, పో బిడ్డా" అన్నారు. గుమ్మం దాకా వచ్చాక మళ్లీ పిలిచి, పిల్లను చూసుకుంటుండు, నేను పోయినంక ఫోన్ చేసేటోడు ఉండడు అన్నారు.

ఆయన నిజం రాసి ఉంటే ఈ పిల్ల లేదు. నాకు ఆయన చేసిన మేలు అదే, ఇంకెవరూ అంత మేలు చేయలేదు. జీవితమంతా ఒక్క అంకె కూడా కొలవకుండా రాయని మనిషి, నా ముఖం చూసి ఒక్కటి రాశారు. దాని భారం ఏడేళ్లు మోశారు. చివర్లో తేలిన అసలు అంకెను కూడా నా మీద వేయకుండా తనతోనే తీసుకుపోయారు. ఆయనకు దండం పెట్టకుండానే వచ్చాను ఆ రోజు. వాకిట్లో పడుకోబెట్టాక పెట్టాను.

అంత్యక్రియలయ్యాక సాయంత్రం బండికి తిరిగొచ్చాను. ఇంటికొచ్చేసరికి పొద్దు గూకుతోంది, కరెంటు లేదు. పాప గడపలో కూర్చొని నా భర్త ఫోన్‌తో ఆడుతోంది. ఫోన్ లైటు వేసి దాని మీద అరచేయి బోర్లించింది. చిన్న చేయి మొత్తం లోపల నుంచి ఎర్రగా వెలిగింది, వేళ్ల చివర దాకా. "అమ్మా, లోపటికెల్లి వస్తున్నది సూడు" అంది. ఇటూ అటూ తిప్పి చూసుకుంటూ, ఆ లైటు తన చేతిలోనే ఉన్నంత సంబరంగా నవ్వుతోంది.